పొరుగుదేశముతో సంధి: భారత చీనాల దౌత్యసంబంధములు

(ఒక పట్టణ పఠనమందిరమున జరిగిన సభలో గావించిన యుపన్యాసపాఠము)



కొలదిదినముల క్రిందట ఈ మందిరములోని పత్రికలబల్లయొద్ద నొక వృద్ధమిత్రుడు నన్నొక ప్రశ్న యడిగెను. "బాబూ! గల్వానులోయలో మనబిడ్డల రక్తము చిందించినవారితో మరల విమానముల రాకపోక లేమి, యాత్రలేమి, కరచాలనము లేమి? ఇది పౌరుషమే యగునా?" అని యాయన యడిగిన తోడనే, ప్రక్కను గూర్చున్న వర్తకు డొకడు "తాతగారూ! పాతకక్షలు త్రవ్వుకొనుచు గూర్చున్నచో బేరము లెట్లు సాగును? జరిగిన దేదో జరిగినది" అని బదులు పలికెను. ఇరువురును పెద్దమనుష్యులే, ఇరువురును దేశాభిమానులే. ఆనాడు నేను వారిలో నెవ్వరికిని దగిన సమాధానము చెప్పలేకపోయితిని. నేటి యుపన్యాసము ఆ బాకీ తీర్చుకొనుటకు జేయు ప్రయత్నము.

విషయము చిన్నది కాదు. మనది ప్రజాస్వామ్యము. ఇచట పలుపక్షములు గలవు, శాసనసభలు గలవు, ఎన్నికలలో నధికారము చేతులు మారుచుండును, పత్రికలు ప్రభుత్వమును ప్రశ్నించుచుండును. హిమాలయములకావల 1949 అక్టోబరు 1వ తేదీనుండి కమ్యూనిస్టుపక్ష మొక్కటియే రాజ్యమేలుచున్నది. ఈ రెండింటి నడుమ, మన ప్రభుత్వపు లెక్కప్రకారము, 3,488 కిలోమీటర్ల సరిహద్దు గలదు. ఆ సరిహద్దు ఈనాటివరకును ఉభయులయొప్పుదలతో నిర్ణయింపబడి రాళ్లు నాటబడినది కాదు. పశ్చిమమున అక్సాయిచిన్ ప్రాంతమున సుమారు 38,000 చదరపు కిలోమీటర్ల మనభూమి చీనా యధీనమున నున్నది. తూర్పున అరుణాచలప్రదేశమున సుమారు 90,000 చదరపు కిలోమీటర్లు తనవని చీనా పేచీ పెట్టుచున్నది.

మన పల్లెలలో గట్టుతగాదా లెరుగని వారుండరు. ఇద్దరు రైతుల పొలములు ఒకదాని ప్రక్క నొకటి యున్నవి. హద్దురాయి కదలినదని యొకడును, అది మొదటినుండి యచటనే యున్నదని యొకడును జెప్పుదురు. వ్యాజ్యము తరములు గడచినను తెగకపోవచ్చును. అంతవరకు ఇద్దరును పొలము దున్నక మానరు. ఒకే కాలువనీరు ఇద్దరికిని రావలసియున్నది. తగవు తీరువరకు గట్టు పొడుగున కఱ్ఱలు పట్టుకొని నిలుచుందురా? లేక వ్యాజ్యమును వ్యాజ్యముగా నడపుకొనుచు, నీటి వంతులకును పశువుల దారికిని నొక యేర్పాటు చేసికొందురా? దేశములనడుమ రెండవమార్గమునకే దౌత్యసంబంధములని పేరు. అది స్నేహము కాదు, బాంధవ్యము కాదు. పొరుగువాని నడవడి మనకు నచ్చినదని యిచ్చు యోగ్యతాపత్రము నంతకంటెను గాదు.

ఈ భేదమును మనము మొదట గుర్తించియే యుంటిమి. 1949 డిసెంబరు 30వ తేదీన భారతదేశము నూతన చీనాప్రభుత్వమును గుర్తించెను; 1950 ఏప్రిలు 1వ తేదీన దౌత్యసంబంధము లేర్పడెను; సర్దార్ పణిక్కరుగారు అచట మన ప్రథమరాయబారి యైరి. ఆ గుర్తింపు కమ్యూనిజమునకు జేసిన నమస్కారము కాదు. ఆ దేశమును పాలించుచున్న దెవరను వాస్తవమును మాత్రమే మన మంగీకరించితిమి. కాని యనతికాలములోనే ఆ వాస్తవజ్ఞానముపైని భావావేశము పొరలు గప్పినది. 1954 ఏప్రిలు 29వ తేదీన టిబెట్టు ప్రాంతముతో వర్తకమును రాకపోకలను గురించి యొక యొడంబడిక జరిగెను. అందలి పీఠికలోనివే పంచశీల సూత్రములు. ఆ సంవత్సరమే చౌ ఎన్ లై మనదేశమునకును, జవహర్లాలు నెహ్రూ వారిదేశమునకును విచ్చేసిరి. వీథులలో సోదరత్వనినాదములు మారుమ్రోగినవి. ఆ యొడంబడికలో యాత్రికులనుగూర్చి, వర్తకులనుగూర్చి, కనుమదారులనుగూర్చి యున్నది కాని, సరిహద్దు రేఖ యెచట నున్నదను మాట లేదు. అసలు చిక్కును విడిచి అంచులను గుట్టినట్లయ్యెను. ఎనిమిదేండ్లకు వ్రాసికొన్న యా యొడంబడిక 1962లో, యుద్ధము వచ్చిన యేటనే, గడువు తీరి యంతరించెను.

మహాశయులారా! ఆ యెనిమిదేండ్లలో జరిగిన దానిలో మనకు ముఖ్యమైన పాఠ మొకటి గలదు. అక్సాయిచిన్ మీదుగా చీనావారు వేసిన మార్గము 1957లో బూర్తియయ్యెను. 1958లో మన ప్రభుత్వము చీనాకు రహస్యముగా నాక్షేపణ పత్రము పంపెను. కాని దేశప్రజల ప్రతినిధులకు, అనగా పార్లమెంటునకు, ఆ సంగతి తెలియజేయబడినది 1959 ఆగష్టులోనే. ఆ యేడు మార్చిలో టిబెట్టునందు తిరుగుబాటు జరిగి దలైలామా మనదేశమున శరణుజొచ్చియుండెను; ఆగష్టులో లాంగ్‌జూయొద్దను, అక్టోబరు 21వ తేదీన కొంగ్కా కనుమయొద్దను తుపాకులు మ్రోగినవి. ఇంతకాలము మైత్రిగీతములే విన్న ప్రజలకు ఒక్కమారుగా నీ వార్తలన్నియు చెవిని బడెను. వారికి కలిగిన యాగ్రహము సహజమైనది. 1960 ఏప్రిలులో చౌ ఎన్ లై ఢిల్లీకి వచ్చి దినములతరబడి సంభాషణలు జరిపినప్పుడు, నెహ్రూ చేతులు ప్రజాభిప్రాయముచేత గట్టబడియుండెను. ఇచ్చిపుచ్చుకొనుటకు జోటు లేకపోయినది. తప్పు ప్రజాభిప్రాయముది కాదు; దానికి సకాలమున సత్యమును జెప్పకపోవుటయే తప్పు. ప్రజలకు దాచి సేయు మైత్రి ప్రజలయెదుట నిలువజాలదు. నియంతృత్వమున నేమో గాని, ప్రజాస్వామ్యమున నిది తప్పని నియమము.

తరువాతి కథ మీరెరిగినదే. 1962 అక్టోబరు 20వ తేదీన చీనాసేనలు రెండుదిక్కులను దాడి వెడలినవి. వేయిమందికి మించిన మనసైనికులు మరణించిరి. ఇంకను వేలమంది బందీలైరి. నవంబరు 14వ తేదీన పార్లమెంటు, దురాక్రమణదారుని పవిత్రభూమినుండి వెడలగొట్టుదుమని తీర్మానించెను. నవంబరు 21వ తేదీన చీనావారు తమంతట తామే యుద్ధము నాపి, తూర్పున వెనుకకు మరలిరి, పశ్చిమమున మరలలేదు.

ఇక నడుమ గడచిన చీకటియేండ్లను జూడుడు. సంబంధములు పేరునకు తెగలేదు. కాని 1976 వరకు ఇరుదేశములయందును రాయబారులు లేరు, చిన్నయుద్యోగులే కార్యాలయములు కనిపెట్టుకొని యుండిరి. కైలాసమానససరోవర యాత్ర నిలిచిపోయెను. కనుమదారుల వర్తకము చచ్చినది. ఆ వర్తకముపైని బ్రతుకు హిమాలయగ్రామములవారి జీవనము మారిపోయెను. రాయబారులు లేనంతమాత్రమున శాంతి హెచ్చినదా? లేదు. 1967లో సిక్కిమునందలి నాథులా, చోలాలయొద్ద ఫిరంగులు మ్రోగినవి. 1975 అక్టోబరులో తులుంగ్‌లాయొద్ద నలుగురు మనవారు హతులైరి. పలుకకుండుటచేత శత్రువునకు శిక్ష పడలేదు. మనకు మాత్రము వానిమనస్సులో నేమున్నదో తెలియకపోయినది.

ఆ మౌనము భగ్నమైన రీతి చిత్రమైనది. 1970 మేడే ఉత్సవమున మావో, మన తాత్కాలికదౌత్యాధికారి బ్రజేశ్ మిశ్రాతో చేయి కలిపి మంచిమాట యొక్కటి పలికెను. దానికి ఫలము వెంటనే కలుగలేదు. ఆరేండ్లకు, 1976లో, కె. ఆర్. నారాయణన్ గారు రాయబారిగా బీజింగునకు బోయిరి. 1979 ఫిబ్రవరిలో విదేశాంగమంత్రి వాజపేయిగారు చీనాకు బోయిరి. ఆయన యచట నుండగనే చీనాసేనలు వియత్నాముపై దండెత్తినవి. ఆయన ప్రయాణమును గుదించుకొని మరలివచ్చిరి. ఇచట నొక్క క్షణ మాగుడు. వియత్నాము కమ్యూనిస్టుదేశము కాదా? 1969లో ఉస్సూరినదియొడ్డున చీనాయు, సోవియట్టు రష్యాయు నొకరిపై నొకరు తుపాకులు పేల్చుకొనలేదా? మతము, సిద్ధాంతము ఒకటియైనంత మాత్రమున పొరుగువారికి బొత్తు కుదురదు. సిద్ధాంతము వేరైనంతమాత్రమున శాంతి యసాధ్యమును గాదు. గట్టుతగవునకు హద్దులెంత ముఖ్యమో రైతుల కులగోత్రము లంత ముఖ్యములు కావు.

1981లో కైలాసయాత్ర మరల ప్రారంభమయ్యెను. 1986-87లో సుందొరాంగ్ చూ లోయలో సేనలు మరల నెదురెదురుగ నిలిచినవి. అట్టి యుద్రిక్తతకు తరువాతనే 1988 డిసెంబరులో రాజీవ్ గాంధీ బీజింగునకు బోయెను. భారత ప్రధానమంత్రి యాగడ్డపై నడుగుపెట్టి అప్పటికి ముప్పదినాలుగేండ్లయ్యెను. ఆ యాత్రలో గుదిరిన సూత్ర మిది: సరిహద్దుతగవునకు బరిష్కారము వెదకుచునే యుందము, అది తీరువరకు తక్కిన సంబంధములను స్తంభింపజేయక పెంచుకొందము, సరిహద్దున శాంతిమాత్రము నిలుపుకొందము. ఆ మూడవమాట మొదటి రెండింటికిని పునాది. ఆ పునాదిని మరచి మిగిలిన రెంటినే చదువువారు నేడును గలరు.

ఆ మూడవమాటను వ్రాతమూలకముగ జేసినవారు మన తెలుగుబిడ్డ పాములపర్తి వేంకట నరసింహారావుగారు. వారు ప్రధానిగా బీజింగులో నుండగా 1993 సెప్టెంబరు 7వ తేదీన, వాస్తవాధీనరేఖవెంబడి శాంతిని నిలుపు నొడంబడిక జరిగెను. అందలి యుక్తిని గమనింపుడు. రేఖను గౌరవింతుమని యిరువురు నొప్పుకొనిరి. కాని ఆ రేఖయే సరిహద్దని యెవ్వరు నొప్పుకొనలేదు. ఎవరివాదము వారికి చెక్కుచెదరకుండ నిలిచినది. బలప్రయోగము చేయరాదు, బలప్రయోగము చేయుదుమని బెదిరింపనురాదు. 1996 నవంబరులో దీనికి తోడుగా మరియొక యొడంబడిక జరిగెను: రేఖకు రెండుకిలోమీటర్ల లోపల తుపాకి పేల్చరాదు, ప్రేలుడుపదార్థములు వాడరాదు, వేటయైన నాడరాదు. వినుటకు చిన్నసంగతులు. కాని 1975 అక్టోబరు మొదలు 2020 జూను వరకు, నలుబదినాలుగు సంవత్సరములకు పైగా, ఆ సరిహద్దున నొక్క సైనికుడును పోరాటమున చావలేదు. లోకమున నింతపొడుగు వివాదాస్పదమైన సరిహద్దున నింతకాలము ప్రాణనష్టము లేకుండుట సామాన్యవిషయము కాదు. ఎన్ని తల్లులకు గర్భశోకము తప్పినదో యోచింపుడు.

అయినను ఇల్లు అలుకగనే పండుగ కాదు. రేఖను గౌరవించుటకు మొదట ఆ రేఖ యెచట నున్నదో తెలియవలెను గదా! 1996 నాటి యొడంబడికలోనే పటములు మార్చుకొని రేఖను స్పష్టపరచవలెనని యున్నది. 2000లో మధ్యభాగపు పటములు మాత్రము మార్చుకొనిరి. ముఖ్యమైన పశ్చిమభాగమునకు వచ్చునప్పటికి ఆ కార్యము నిలిచిపోయినది. 2003లో ప్రత్యేకప్రతినిధులను నియమించుకొనిరి. 2005లో పరిష్కారమునకు మార్గదర్శకసూత్రములను వ్రాసికొనిరి. ఆ సూత్రములకు నేడెవరి భాష్యము వారిది. ఇంతలో ఇరుదెసల రోడ్లు, వంతెనలు, విమానస్థలములు రేఖకు జేరువ యగుచు వచ్చినవి. కాపలాదళము లొకదానికొకటి తరచుగ నెదురుపడసాగినవి. 2013లో దెప్సాంగు, 2014లో చుమారు, 2017లో డోక్లాము: ఈ పేళ్లన్నియు మీరు పత్రికలలో జదివినవే. అవి రాబోవు గాలివానకు ముందు కనబడిన మెరుపులు.

2020 జూను 15వ తేదీరాత్రి గల్వానులోయలో ఆ గాలివాన వచ్చినది. తుపాకి పేల్చరాదను నియమము అక్షరమున నిలిచినది. దాని యాత్మ చచ్చినది. మేకులు గొట్టిన కఱ్ఱలతో, ఇనుపకడ్డీలతో, రాళ్లతో చీకటిలో పోరాటము జరిగెను. ఇరువదిమంది మనవీరులు నేలకొరిగిరి. వారి నాయకుడు కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేటవాడు. 2021లో నాయనకు మరణానంతరము మహావీరచక్ర మీయబడెను. ఆ వీరుని తలచునప్పుడు శిరస్సు వంపని తెలుగువాడుండడు.

ఇచటనే రెండురాజ్యతంత్రముల భేదమును జూడవచ్చును. మనదేశము మరునాడే తన మృతుల సంఖ్యను లోకమునకు జెప్పినది. ఊరూర వారి యంత్యక్రియలు బహిరంగముగ జరిగినవి. చీనా ప్రభుత్వము తనవారు నలుగురు మరణించిరని 2021 ఫిబ్రవరిలో, అనగా ఎనిమిది నెలల కనంతరము, ప్రకటించినది. ఆ సంఖ్య సత్యమా కాదా యను చర్చ నిచట బెట్టను. తనబిడ్డ యేల చనిపోయెనని యడుగు హక్కు ఇచటి తల్లికి గలదు. అచటి తల్లికి ఎనిమిదినెల లాగవలసివచ్చినది. ఇట్టి ప్రభుత్వముతో వ్యవహరించునప్పుడు, మనవైపు మాత్రమే ప్రజలకు లెక్కచెప్పవలసియుండునని మరువరాదు. కొంద రిది మన బలహీనత యందురు. నే నది మనబలమే యందును.

తరువాతి నాలుగేండ్ల లెక్కను జూడుడు. విమానములు నిలిచినవి. కైలాసయాత్ర నిలిచినది. చీనావిద్యాలయములలో వైద్యవిద్య నభ్యసించుచున్న ఇరువదివేలకు మించిన భారతవిద్యార్థులు, వారిలో మన తెలుగుపిల్లలును గలరు, మహమ్మారివలన చీనా ద్వారములు మూయుటచేత రెండేండ్లకు పైగా నిండ్లలోనే చిక్కుకొనిరి; 2022లో గాని వారికి దారి తెరువబడలేదు. 2023 నాటికి ఒకరిదేశమున నొకరి పత్రికావిలేఖరులు దాదాపుగ లేకుండ బోయిరి. నూటనలుబది కోట్ల పొరుగువారిని గురించిన వార్తను మనము మూడవవారి నోట వినవలసివచ్చినది. బ్రహ్మపుత్రానది వరదలెక్కలను తెలుపు నొడంబడిక 2023లో గడువుతీరినది. 2025 జూలైలో ఆ నదికి ఎగువను, టిబెట్టున, చీనావారు మహత్తరమైన జలవిద్యుత్కేంద్రమునకు పని ప్రారంభించిరి. వరద వచ్చునప్పుడు ఎగువవాడు ముందుగ నొక్కమాట చెప్పినయెడల అస్సామున నెన్నియో ప్రాణములు దక్కును. ఆ మాట చెప్పించుకొనుటకు నోరువిప్పవలసియున్నది గదా!

ఇంతలో సైన్యాధికారులు మాత్రము మాటలు మానలేదు. 2024 ఫిబ్రవరినాటికి వారు ఇరువదియొక్కమారులు సమావేశమైరి. గల్వాను, పాంగాంగు సరస్సు, గోగ్రా, హాట్ స్ప్రింగ్సు: ఒక్కొక్కచోటనే సేనలు ఎడమైనవి. 2024 అక్టోబరు 21వ తేదీన దెప్సాంగు, డెమ్చోకులలో కాపలా తిరుగుటనుగూర్చి యొప్పందము కుదిరినట్లు ప్రకటింపబడెను. రెండుదినములకు కజానులో ఇరుదేశముల నాయకులు మోదీ, షీ జిన్‌పింగులు సమావేశమైరి. 2025 జూనులో యాత్రికులు కైలాసమునకు మరల బయలుదేరిరి. ఆగష్టు చివర మోదీ తియాంజిన్ నగరమునకు బోయిరి. అక్టోబరు 26వ తేదీన కలకత్తానుండి గ్వాంగ్‌జౌకు విమానము మరల నెగిరినది. అయినను సేనలు ఎడమైనవేకాని తగ్గలేదు. లదాకు మంచులో వేలకొలది సైనికులు 2025వ సంవత్సరాంతమునను కావలియే యుండిరి.

ఇప్పుడు నా వృద్ధమిత్రునకు సమాధానము చెప్పెదను. తాతగారూ! మీ యాగ్రహము న్యాయమైనది. దానిని జల్లార్చుకొమ్మని నేను చెప్పను. కాని మాటలాడుట లొంగుట కాదు. పదునాలుగేండ్లు రాయబారి లేకుండ నుండి చూచితిమి. అక్సాయిచిన్‌లో నొక్క గజము మరలిరాలేదు. గల్వాను తరువాత మనసైన్యము గట్టిగ నిలిచినందున మాటలకు బలము వచ్చినది. మాటలు సాగినందున ఆ బలము యుద్ధముగ మారలేదు. శ్రీకృష్ణ రాయబారమును మన నాటకశాలలలో నెన్నిమారులు చూడలేదు? ఆ రాయబారము యుద్ధము నాపలేదు. అయినను చేయకుండవలసినదని యన్న వాడొక్కడును లేడు. రాయబారమునకు బోవునప్పుడు పాండవులు గాండీవమును జమ్మిచెట్టుపైని మరల దాచిపెట్టలేదని మాత్రము గుర్తుంచుకొందము.

ఇక వర్తకమిత్రునకు. అయ్యా! బేరములు నిలిచిపోయినవని మీరు భయపడనక్కరలేదు, అవి నిలువలేదు. రక్తము చిందిన తరువాతను పెరిగినవి. 2024-25వ సంవత్సరమున మనము చీనానుండి సుమారు 113 బిలియను డాలర్ల సరకు దిగుమతి చేసికొని, సుమారు 14 బిలియను డాలర్ల సరకు మాత్రమే పంపితిమి. లోటు 99 బిలియనులు. మన హైదరాబాదు మందులకర్మాగారములకు వలయు మూలద్రవ్యములలో పెద్దభాగ మచటనుండియే వచ్చుచున్నది. 2025 ఏప్రిలులో చీనా ప్రభుత్వము కొన్ని యరుదైన ఖనిజముల యెగుమతిపై నాంక్షలు విధింపగనే మన మోటారుబండ్ల కర్మాగారములవారు కలవరపడిరి. కావున, జరిగినదేదో జరిగినదని వదలుకొనుటకు వీలులేదు. ఒక్కని దుకాణముననే సమస్తము కొనువాడు ఆ దుకాణదారుతో సమానముగ మాటలాడలేడు. వర్తకము చేయుదము, కాని మందు, ఎరువు, యంత్రము అను నీ మూడింటికిని రెండవతలుపు తెరచియుంచుకొందము. అట్లు చేసికొనుట వైరము కాదు, గృహస్థధర్మము.

ఇతరదేశముల యనుభవము నొకదానిని మనవి చేసెదను. రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మనీ రెండుగ జీలెను: పశ్చిమమున ప్రజాస్వామ్యము, తూర్పున కమ్యూనిస్టుప్రభుత్వము. ఇరువదియేండ్లు పశ్చిమజర్మనీ తూర్పును రాజ్యముగనే గుర్తింపలేదు. 1961లో బెర్లినున గోడ లేచినది. తల్లి యొకదెసను, బిడ్డ యొకదెసను జిక్కుకొనిరి. 1969లో ప్రధానియైన విల్లీ బ్రాంట్ మార్గము మార్చెను. 1970 మార్చిలో తానే తూర్పునందలి ఎర్ఫుర్టునకు బోయెను. స్వదేశమున నాతనిని ద్రోహియన్నవారు గలరు. 1972 ఏప్రిలులో పార్లమెంటునందు నవిశ్వాసతీర్మానమునుండి రెండువోట్ల తేడాలో బయటపడెను. ఆ నవంబరులో ఎన్నికలు జరిగెను. ప్రజలు ఆతనికి జయమిచ్చిరి. డిసెంబరు 21వ తేదీన మూలసంధి యయ్యెను. 1974లో ఒకరియొద్దకొకరు పంపుకొన్నవి రాయబారకార్యాలయములు కావు, "స్థిరప్రాతినిధ్యములు" మాత్రమే. ఏలయన తూర్పు పరదేశమని పశ్చిమము తుదివరకు నొప్పుకొనలేదు. సంధి చేసికొన్నంతమాత్రమున నైక్యాశయమును వదలుకొన్నట్లు కాదని 1973లో వారి యున్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ యేర్పాటువలన లక్షలకొలది కుటుంబములు ఒండొరులను జూచుకొనగల్గినవి. 1989లో గోడ కూలెను. 1990లో దేశ మొక్కటియయ్యెను. గోడను సంధియే కూల్చినదని నేననను. గోడ నిలిచియున్న కాలమున మనుష్యులు మనుష్యులుగ బ్రతుకుటకు సంధి తోడ్పడినదని యందును.

మన పరిస్థితియు జర్మనీ పరిస్థితియు నొకటి కావు. కాని బ్రాంట్ చేసిన పనిలో మనకు బనికివచ్చునది యొకటి గలదు. ఆతడు తన సంధిని దాచలేదు. పార్లమెంటున వాదించెను, ఎన్నికలలో ప్రజలయెదుట బెట్టెను, న్యాయస్థానముయొక్క పరీక్షకు లోబడెను. అందువలన ఆ సంధి యాతని పదవికంటె నెక్కువకాలము బ్రతికినది. 1974లో తన కార్యాలయముననే తూర్పుదేశపు గూఢచారి యొకడు బయటపడగా బ్రాంట్ రాజీనామా యిచ్చెను. పొరుగువాని మోసము బయటపడినను సంధి చెడలేదు. ఏలయన అది ఎదుటివాని మంచితనముపై గట్టినది కాదు. ప్రజల యెరుకపై గట్టినది.

మన కార్యక్రమ మేమి? నాకు తోచినది నాలుగుమాటలలో జెప్పెదను. మొదటిది, సరిహద్దున శాంతియే పునాది. అది కదలిననాడు తక్కినవియు గదలునని పొరుగువానికి స్పష్టముగ దెలిసియుండవలెను. రెండవది, రాయబారులు, విలేఖరులు, విద్యార్థులు, యాత్రికులు, నదులలెక్కలు: వీనిని కోపము వచ్చినప్పుడెల్ల మూయు తలుపులుగ జేయరాదు, కష్టకాలముననే వాని యవసర మధికము. మూడవది, నిలిచిపోయిన పటముల కార్యమును మరల నారంభింపవలెను. తెలియని రేఖను గౌరవించుట యెవ్వరికిని సాధ్యము కాదు. నాలుగవది, ప్రభుత్వము తా నిచ్చినదేమో, పుచ్చుకొన్నదేమో పార్లమెంటునకు జెప్పవలెను. పూర్వము మనవారు తిరిగిన చోట్ల నేడు తిరుగుచున్నారా లేదా, నడుమ విడిచిన భూముల మాటయేమి, యను ప్రశ్నలు దేశద్రోహములు కావు. 1959లో ఆలస్యముగ జెప్పిన సత్యమునకు మనము చెల్లించిన మూల్యము చాలును.

తుదకు మన వంతు. ప్రజాస్వామ్యమున దౌత్యము ఢిల్లీలో మాత్రమే జరుగదు. ఇట్టి పఠనమందిరములలోను జరుగును. ఒకనాడు సోదరనినాదములతో గొంతులు చించుకొని, మరునాడు చీనావస్తువులను వీథిలో బగులగొట్టి, మూడవనాడు చవుకగ దొరకునని యావస్తువులనే కొను ప్రజలున్నచో, ఏ మంత్రియు స్థిరముగ నొకనీతిని నడపలేడు. ఏడవశతాబ్దమున హ్యూయన్‌త్సాంగు ఎడారులు, మంచుకొండలు దాటి మన కృష్ణాతీరమున ధాన్యకటకమునకు వచ్చెను. ఆతడు చూచి వ్రాసికొనిన దానివలన మన పూర్వచరిత్ర మనకే కొంత తెలిసినది. పొరుగువానిని గూర్చి యంతటి శ్రద్ధతో దెలిసికొనువారు నేడు మనలో నెందరు? మన విద్యాలయములలో చీనాభాష నేర్చువారెందరు? భయపడుటకైనను, బేరమాడుటకైనను, సంధి చేసికొనుటకైనను ఎదుటివాని భాష యెరిగియుండుట మేలు.

అధ్యక్షులవారి యనుమతితో నొక విన్నపము. ఈ గోడమీద హిమాలయప్రాంతపు పెద్దపటము నొకదానిని దగిలింపుడు. 1993, 1996, 2005 నాటి యొడంబడికల తెలుగుప్రతులను వ్రాయించి, పత్రికలబల్లమీద నుంచుడు. అవి దీర్ఘములు కావు, ఒక సాయంకాలమున జదువవచ్చును. ఆ పటములో గల్వానునది యెచట నున్నదో మన పిల్లలు వ్రేలితో జూపగలుగవలెను. సూర్యాపేటనుండి బోయిన యా వీరు డెచట నెందుకు నిలిచెనో వారికి దెలియవలెను. అది తెలిసిన ప్రజలకు ద్వేషమును నూరిపోయుట కష్టము. వారిని మోసగించుట యింకను గష్టము.